అందరం ఒకేసారి రోడ్డెక్కొద్దు: హ్యూస్టన్ తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

హ్యూస్టన్, దాని చుట్టుపక్కల ఊళ్లలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, గుడి కమిటీల పెద్దలకు, కాలనీ వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు,

నమస్కారం.

వేసవి పిక్నిక్ ఫ్లయర్లు రావడం మొదలైంది. పార్కు బుక్ అయింది, బిర్యానీ ఎవరు వండుతారో తేలింది, పిల్లల ఆటలకు వాలంటీర్లు కావాలని మెసేజ్ కూడా వచ్చింది. ఈ వేసవిలోనే జూన్ 1న హరికేన్ సీజన్ మొదలై నవంబర్ 30 దాకా సాగుతుంది. ఆ ముక్క మాత్రం ఏ ఫ్లయర్‌లోనూ కనపడలేదు. ఉండాలని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే ఉంటుంది. ఇది నేను చాలా ఏళ్లుగా మోస్తున్న బాకీ.

2005 సెప్టెంబర్ 21, బుధవారం. రీటా హరికేన్ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కేటగిరీ 5కి, అంటే అన్నిటికంటే పై మెట్టుకి, చేరింది. కత్రినా వచ్చి అప్పటికి మూడు వారాలు దాటిందంతే. న్యూ ఆర్లీన్స్‌లో ఇళ్ల కప్పులెక్కి చేతులూపిన మనుషుల్ని టీవీలో చూసిన భయం ఎవరికీ దిగలేదు. అక్కణ్నుంచి వచ్చిన వేలమంది మన ఆస్ట్రోడోమ్ స్టేడియంలోనే తలదాచుకున్నారు. మేం అప్పుడు వెస్ట్‌హైమర్ రోడ్డు పక్కన, సముద్రానికి చాలా దూరంలో, ఒక అపార్ట్‌మెంట్‌ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. అవనిగడ్డ దగ్గర మా ఊరినుంచి నాన్న గంటకోసారి ఫోను చేసి, "ఒరేయ్, ఇంకా అక్కడే ఉన్నావా?" అనేవాడు. ఆయన పెట్టేయగానే మా అత్తగారు. ఇటు ఆఫీసులో ఎవర్నడిగినా డాలస్ అనే మాటే. గురువారం తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. నేను, మా ఆవిడ, పది నెలల పిల్ల, ఒక పెద్ద డబ్బాలో పులిహోర.

డాలస్ 240 మైళ్లు. మామూలు రోజున నాలుగు గంటల దారి. మాకు ఇరవై ఆరు గంటలు పట్టింది. దాదాపు వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. గ్యాస్ (పెట్రోలు) అయిపోతుందేమోనని ఏసీ ఆపేశాం. దారిలో గ్యాస్ స్టేషన్లన్నీ ఖాళీ. పిల్లకు తడిగుడ్డ చుట్టి కూర్చోబెట్టాం. ఒకచోట రెండు గంటలపాటు బండ్లు అంగుళం కదల్లేదు. పక్క కారులో ఒక ముసలాయన తలుపు తెరిచి, కాళ్లు రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ఆయన భార్య, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. గాల్వెస్టన్ నుంచి వస్తున్నామని చెప్పాడు. మేం కాస్త పులిహోర ఇచ్చాం, ఆయన రెండు నీళ్ల సీసాలిచ్చాడు. మంచి మనుషులం అనుకున్నాను, మమ్మల్ని మేమే. ఆయన సముద్రపు అంచునే ఉన్న దీవిలోంచి ఉప్పెనకు భయపడి వస్తున్నాడనీ, ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకోగలిగిన నేను ఆయన ముందు కారు పెట్టి కూర్చున్నాననీ తట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆ రెండు మూడు రోజుల్లో ఇళ్లు వదిలినవాళ్లు 25 లక్షలమంది దాకా ఉంటారని ఒక అంచనా. అంతకంటే ఎక్కువే అన్నవాళ్లూ ఉన్నారు. అందులో చాలామంది నాలాగే, ఎవరూ పొమ్మనకపోయినా పోయినవాళ్లు. డాలస్‌కి పోయే ఐ-45 హైవేలో అన్ని లేన్లనూ ఊరి బయటికే తిప్పే పని గురువారానికి గానీ మొదలుకాలేదు. శుక్రవారం తెల్లవారకముందే, డాలస్‌కి దక్షిణాన విల్మర్ దగ్గర, బెల్లైర్‌లోని ఒక వృద్ధాశ్రమం వాళ్లను తీసుకెళ్తున్న బస్సు వెనక చక్రం దగ్గర వేడెక్కి అంటుకుంది. లోపల ఆక్సిజన్ సిలిండర్లున్నాయి. 23 మంది పోయారు. రీటా గాలికీ నీటికీ నేరుగా చనిపోయినవాళ్లు 7 మంది. టెక్సాస్‌లో ఆ పరుగులో ఎండదెబ్బకీ, ప్రమాదాలకీ, ఆ బస్సు మంటకీ పోయినవాళ్లు వంద దాటారు. రీటా చివరికి టెక్సాస్-లూసియానా సరిహద్దు దగ్గర తీరం దాటింది. మేం తిరిగొచ్చేసరికి మా బాల్కనీలో తులసి కుండీ కూడా పక్కకు ఒరగలేదు.

అప్పట్నుంచీ ఇక్కడ ఏ తుఫానొచ్చినా, గాలి ఎటు తిరిగిందో చూసినంత శ్రద్ధగా జనం ఎటు కదిలారో కూడా చూస్తూ వచ్చాను. నాకు తోచిందేమిటంటే, మనం రాబోయే తుఫానును చూసి కదలం, పోయిన తుఫానును చూసి కదులుతాం. కత్రినాలో కదలనివాళ్లు మునిగారు కాబట్టి రీటాకి ఊరు ఊరంతా లేచింది. రీటాకి రోడ్డు మీద నరకం చూశాం కాబట్టి 2008లో ఐక్ వచ్చినప్పుడు, ఖాళీ చేయమని ఆదేశమిచ్చినా, గాల్వెస్టన్ దీవిలోనే వేలమంది ఉండిపోయారు. ఒకటి రెండంతస్తుల ఇళ్లలో ఉంటే చావు తప్పదని నేషనల్ వెదర్ సర్వీస్ ఉన్నదున్నట్టు రాసి హెచ్చరించినా కదల్లేదు. పైగా అది కేటగిరీ 2. "రెండే కదా" అనుకున్నారు. సెప్టెంబర్ 13న పక్కనే బొలివార్ ద్వీపకల్పంలో వీధులకు వీధులే లేకుండా పోయాయి.

కేటగిరీ అనే అంకె గాలి వేగానికి కొలత, అంతే. నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో, వాన ఎన్నాళ్లు కురుస్తుందో అది చెప్పదు. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో హరికేన్లు, ఉష్ణమండల తుఫాన్లు నేరుగా తీసిన ప్రాణాల్లో పదింట తొమ్మిది నీటి వల్లే పోయాయి. అందులో సగానికి సగం ఉప్పెన వల్ల. ఈ లెక్క నాకు కొత్తగా అనిపించలేదు. 1977 నవంబర్ 19 రాత్రి దివిసీమలో జరిగింది మా ఇంట్లో ఏటా వినేవాళ్లం. మా నాయనమ్మ దాన్ని ఎప్పుడూ తుఫాను అనేది కాదు, ఉప్పెన అనేది. గాలికి కప్పు లేచిపోతే మళ్లీ వేసుకున్నామనీ, నీళ్లొచ్చినచోటే మనుషులు మిగల్లేదనీ చెప్పేది. పదివేలమంది దాకా పోయారని లెక్క. మా వాళ్లలో బతికినవాళ్లు ఎవరూ వందల మైళ్లు పోలేదు, పోయే వీలూ లేదు. ఎత్తున్నచోటికి చేరినవాళ్లు బతికారు. ఆ తర్వాత తీరం వెంట కట్టిన తుఫాను షెల్టర్లు కూడా ఆ లెక్కే కదా: ఊళ్లోనే, స్తంభాల మీద లేపి కట్టిన గట్టి భవనం. నడిచి పోవచ్చు. ముసలమ్మను మంచం మీద మోసుకుపోవచ్చు.

ఇక్కడి అధికారులు చెప్పే సూత్రమూ అదే: నీటినుంచి పారిపో, గాలినుంచి దాక్కో. రీటా తర్వాత హ్యూస్టన్-గాల్వెస్టన్ ప్రాంతాన్ని జిప్ కోడ్లను బట్టి జోన్లు చేశారు. కోస్టల్, ఏ, బీ, సీ. సముద్రానికి దగ్గరున్నవాళ్లు ముందు, తర్వాతివాళ్లు తర్వాత. ఏ జోన్‌లోనూ లేనివాళ్లు ఉప్పెన భయంతో రోడ్డెక్కనక్కర్లేదు. వాళ్లు ఎక్కకపోతేనే మొదటివాళ్లకు దారి ఉంటుంది. గత దీపావళి పార్టీలో ఊరికే అడిగాను, మీ జోన్ ఏమిటని. పద్నాలుగు కుటుంబాల్లో ఇద్దరికే తెలుసు. అందులో ఒకాయన ఇన్సూరెన్స్ పనిలో ఉన్నాడు కాబట్టి ఆయన్ని లెక్కలోకి తీసుకోకూడదేమో.

అయితే జోన్ ఒక్కటే చూస్తే సరిపోదని హార్వీ నేర్పింది. 2017 ఆగస్టు 25, వినాయక చవితి. చాలామందికి గుర్తుండే ఉంటుంది, గుళ్లో పూజ రద్దయిందని మెసేజ్‌లు, పత్రి ఇంట్లోనే పెట్టుకున్నాం. ఆ రాత్రి రాక్‌పోర్ట్ దగ్గర కేటగిరీ 4గా తీరం దాటి, బలహీనపడి, కదలకుండా మన నెత్తిన కూర్చుంది. అప్పటి హ్యూస్టన్ మేయర్ సిల్వెస్టర్ టర్నర్ ఊరు ఖాళీ చేయమని ఆదేశం ఇవ్వలేదు. లక్షలమందిని వరదనీటి దారుల్లోకి తోస్తే రీటా కంటే ఘోరం అవుతుందన్నది ఆయన వాదన. దాని మీద ఇప్పటికీ గొడవలున్నాయి. నేను మాత్రం ఆయన వైపే. టెక్సాస్‌లోనే నెదర్లాండ్ అనే ఊళ్లో ఆ తుఫానుకు మొత్తం 60 అంగుళాలు దాటి వాన పడింది. ఆ నీళ్లలో ఐ-45 మీద మళ్లీ అంతమంది ఉండుంటే అన్న ఊహే నాకు భరించరానిది. హార్వీ టెక్సాస్‌లో నేరుగా తీసిన 68 ప్రాణాల్లో మూడు తప్ప అన్నీ వాన వరదవే. అండర్‌పాస్‌లో నీళ్లు ఎంత లోతున్నాయో తెలియక కారు పోనిచ్చినవాళ్లు అందులో చాలామంది.

అప్పటికి మేం హ్యూస్టన్‌కి పడమరనున్న కేటీకి మారిపోయాం. మాకు రెండు మైళ్ల దూరంలో నా స్నేహితుడి ఇల్లు. బార్కర్ రిజర్వాయర్ వెనక వైపు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లను 1940లలో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ కట్టింది, హ్యూస్టన్ డౌన్‌టౌన్ మునగకుండా. మామూలు రోజుల్లో అవి పార్కులు, సైకిల్ దారులు. నీళ్లుండవు కాబట్టి అది రిజర్వాయర్ అని చాలామందికి తెలియదు. అది నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ మేర భూమంతా ప్రభుత్వం కొనలేదు. మిగిలినదాంట్లో కాలనీలు లేచాయి. అంటే చెరువు కడుపులో ఇళ్లు. మన ఊళ్లలో చెరువు ఎండినప్పుడు ప్లాట్లు వేసి అమ్మినట్టే. నా స్నేహితుడు ఇల్లు కొన్నప్పుడు కాగితాల్లో ఎక్కడో ఒక ముక్క ఉందట. ఎవరు చదువుతారు?

మంగళవారం సాయంత్రం వాన తగ్గింది. వాళ్లు హమ్మయ్య అనుకున్నారు. మర్నాడు ఎండ మసగ్గా కాస్తుంటే వీధిలో నీళ్లు పెరగడం మొదలైంది. పైనుంచి పడే వాన లేదు, నీళ్లు మాత్రం వస్తున్నాయి. అర్ధరాత్రి చెత్త సంచుల్లో పాస్‌పోర్టులు, మందులు, పిల్లల యూనిఫాంలు పెట్టుకుని, ఎవరో తెలియని ఒక బక్కపల్చటి తెల్లాయన చేపలు పట్టే పడవలో బయటికొచ్చారు. వాళ్లతో పాటు ఆ ఇంట్లోనే ఇంకో కుటుంబం కూడా ఉంది. ఆ కుటుంబం రెండు రోజుల కిందటే షుగర్ ల్యాండ్‌లో కరకట్ట వెనకున్న తమ ఇల్లు వదిలి, ఇక్కడైతే క్షేమమని వచ్చింది. బ్రేజోస్ నది పొంగితే కరకట్ట ఆగదేమోనని ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని కాలనీలను ఖాళీ చేయమన్నారు, గుర్తుంది కదా. కరకట్ట వెనకనుంచి చెరువు కడుపులోకి వచ్చారన్నమాట. చివరికి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. పదకొండు రోజులు మూడు కుటుంబాలు, ఒకటే వాషింగ్ మెషిన్. ఇడ్లీపిండి గ్రైండర్ రోజూ తిరిగేది. చెప్పొద్దూ, మా ఆవిడ ఆ పదకొండు రోజుల గురించి ఇప్పటికీ ఆనందంగానే చెబుతుంది. నేను అంత ఆనందంగా చెప్పలేను.

ఆ కుటుంబం చేసిన తప్పు కదలడం కాదు. కదిలినచోటు ఎలాంటిదో చూసుకోకపోవడం. ఫ్లోరిడాలో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 2017లో ఇర్మా వస్తోందని అక్కడ 65 లక్షలమందికి పైగా ఖాళీ చేయమన్నారు. మొదట మయామీ మీదికి వస్తుందన్నారు. మయామీలో ఉన్న నా కాలేజీ మిత్రుడు టాంపాలో వాళ్ల బావమరిది ఇంటికి పోయాడు. తుఫాను తోవ పడమరకు జరిగింది. ఇప్పుడు టాంపా మీదికంటే, రెండు కార్లూ కలిసి అట్లాంటాకి. మూడు రోజులు, మూడు ఊళ్లు. 2022లో ఇయాన్‌కి తిరగబడింది కథ. అందరి చూపూ టాంపా మీదే ఉంటే తుఫాను దక్షిణానికి జరిగి సెప్టెంబర్ 28న లీ కౌంటీ తీరాన్ని కొట్టింది. అక్కడ ఖాళీ చేయమన్న ఆదేశం ముందురోజు ఉదయం గానీ రాలేదు. మ్యాపులో గరాటులా కనపడే ఆ కోన్ తుఫాను కేంద్రం పోగల దారికి అంచనా మాత్రమే. మూడింట ఒకసారి కేంద్రం దాని బయటికే పోతుంది. గాలి, ఉప్పెన, వాన ఆ గీత దగ్గర ఆగాలని రూలేమీ లేదు. 2024 అక్టోబర్‌లో మిల్టన్ ఫ్లోరిడా పడమటి తీరాన సియస్టా కీ దగ్గర తీరం దాటితే, అది తెచ్చిన సుడిగాలులకు మనుషులు చనిపోయింది తూర్పు తీరాన, సెయింట్ లూసీ కౌంటీలో. అందుకే అక్కడి అధికారులు ఇప్పుడు పదుల మైళ్లు పోతే చాలు, వందల మైళ్లు పోనక్కర్లేదు అంటున్నారు. మా నాయనమ్మ వింటే ఇది మాకెప్పుడో తెలుసు అనేది.

ఇక తుఫాను పోయాక. దీని గురించి మన గ్రూపుల్లో మాట్లాడేవాళ్లే లేరు. గాలి ఆగిన గంటకే అందరం మామూలైపోయినట్టు బయటికొస్తాం. మరిది ఇంటికి ఏమైందో చూద్దామని, చెట్టు పడిందట ఫోటో తీద్దామని. సిగ్నళ్లు వెలగవు, కరెంటు తీగలు తెగి నీళ్లలో ఉంటాయి, మేకులు టైర్లలో దిగుతాయి. 2024 జులై 8న బెరిల్ వచ్చింది. కేటగిరీ 1 మాత్రమే. అంతకు కొద్ది రోజుల ముందు దాకా మెక్సికో వైపో, దక్షిణ టెక్సాస్ వైపో పోతుందన్నారు. జులై 4 సెలవులకు ఊరెళ్లినవాళ్లు చాలామంది. మాటగోర్డా దగ్గర తీరం దాటి హ్యూస్టన్ మీదుగా పోయింది. 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొందరికి వారం దాటినా రాలేదు. అసలు కదలిక అప్పుడు మొదలైంది, తుఫాను పోయాక. ఏసీ ఉన్న ఇంటికోసం, హోటల్ గది కోసం, ఐసుకోసం, గ్యాస్ కోసం. కరెంటు ఎక్కడ ఉందో తెలిపే మ్యాపు కూడా పనిచేయకపోతే, జనం వాటాబర్గర్ అనే బర్గర్ హోటళ్ల యాప్ తెరిచి ఏ బ్రాంచీలు నడుస్తున్నాయో చూసి ఆ పేటలో కరెంటుందని ఊహించుకున్నారు. నవ్వొస్తుంది గానీ, ఆ వారంలో చనిపోయినవాళ్లలో వేడికి తాళలేక ఇళ్లలోనే పోయిన ముసలివాళ్లున్నారు. జనరేటర్ పొగకు పోయినవాళ్లున్నారు. జనరేటర్‌ను గరాజ్‌లో పెట్టి తలుపు సగం ఎత్తితే చాలనుకునేవాళ్లు మనలోనూ ఉన్నారు, నేను కళ్లతో చూశాను. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయట పెట్టాలి.

ఫోన్లు ఎక్కడెక్కడ ఉన్నాయన్న సమాచారంతో, పేర్లు లేకుండా, హార్వీ ముందూ తర్వాతా హ్యూస్టన్ జనం కదలికలను పరిశోధకులు చూశారు. డబ్బున్న పేటల్లో జీవితం త్వరగా మామూలైంది, లేనివాళ్ల పేటల్లో ఆలస్యమైంది. ఇందులో ఆశ్చర్యమేముంది అంటారు. ఉంది. మన సంఘాల్లో కూడా ఈ రెండు రకాల వాళ్లూ ఉన్నారు, రెండోవాళ్లు మనకు కనపడరు. రెండు కార్లు, డాలస్‌లో ఫ్రిస్కోలో అన్నయ్య, హోటల్ పాయింట్లు ఉన్నవాడు ఎప్పుడు పోవాలన్నా పోగలడు. ఎప్పుడు రావాలన్నా రాగలడు. మరి మాస్టర్స్ చదవడానికి ఆగస్టులో దిగిన పిల్లలో? ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య దాకా సీజన్ మంచి ఊపు మీద ఉంటుంది. సరిగ్గా అప్పుడే వాళ్లు రెండు సూట్‌కేసులతో దిగుతారు. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్-క్లియర్ లేక్‌లో మన పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. క్లియర్ లేక్ ఖాళీ చేయించే జోన్లలోకి వస్తుంది. ఒక్క కారుకు ఏడుగురు. అది కూడా ఎవరో సీనియర్ అమ్మేసిపోయిన పాత కరోలా. కత్రినాకి న్యూ ఆర్లీన్స్‌లో మిగిలిపోయినవాళ్లలో చాలామందికి కారే లేదన్న సంగతి మరిచిపోవద్దు. అక్కణ్నుంచి బస్సుల్లో వచ్చి మన ఊళ్లో దిగినవాళ్లలో చాలామంది మళ్లీ వెనక్కి పోలేదు. 2000లో 4 లక్షల 84 వేలున్న ఆ ఊరి జనాభా 2010 లెక్కల్లో 3 లక్షల 43 వేలకు పడిపోయింది. కొందరికి తుఫాను తర్వాత అనేదే రాలేదు.

ఇంకొకరున్నారు. మన అమ్మానాన్నలు. వేసవిలో మనవళ్లకోసం వస్తారు, ఆరు నెలలుంటారు, అంటే సీజన్ అంతా ఇక్కడే. కారు నడపరు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి. ఇంగ్లిష్‌లో ఎవరైనా తలుపు కొట్టి వెళ్లిపోవాలంటే అర్థం కాదు. మనం ఆఫీసులో ఉంటే? బెరిల్ వారంలో మా వీధిలో ఒక పెద్దావిడ, కోడలు షిఫ్టుకు హాస్పిటల్‌కి వెళ్తే, కరెంటు లేని ఇంట్లో తలుపులన్నీ వేసుకుని కూర్చుంది. దొంగల భయం. మా ఆవిడ వెళ్లి పిలవకపోతే సాయంత్రం దాకా అలాగే ఉండేది. వంటగదిలో కుండతో నీళ్లు పెట్టుకుని కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుందట. ఊళ్లో చేసినట్టు.

అందుకని నేను అడిగేవి ఇవి.

ప్రతి సభ్యుడి ఫారంలో పుట్టినరోజు, గోత్రం, టీషర్ట్ సైజు అడుగుతారు. జోన్ కూడా అడగండి. అడిగితే చూసుకుంటారు. జోన్ లేనివాళ్లు ఇల్లు వరద మ్యాపులో ఎక్కడుందో, రిజర్వాయర్ కడుపులో ఉందో, కరకట్ట వెనక ఉందో చూసుకోవాలి. ఇది ఒక సాయంత్రం పని.

తుఫాను గల్ఫ్‌లోకి రాగానే మన గ్రూపుల్లో పోస్టులు మొదలవుతాయి: "కేటగిరీ 4 అట, మేం బయల్దేరుతున్నాం." అది చూసి వీధి వీధంతా ట్యాంకు నింపడానికి పోతుంది. అడ్మిన్లు ఆ రెండు మూడు రోజులూ ఒకే ఒక పని చేయండి. కౌంటీ చెప్పింది ఉన్నదున్నట్టు, ఏ జోన్‌కి అన్నారో ఆ జోన్ పేరుతో పెట్టండి. ఫలానా వాళ్లు బయల్దేరారన్నది తీసేయండి. కోపాలొస్తాయి. రానివ్వండి. పాత పులస చేప వీడియోలు రోజుకు పదిసార్లు తిప్పే గ్రూపు, మూడు రోజులు ఆగగలదు.

జోన్‌లో ఉన్న ప్రతి కుటుంబానికీ, ప్రతి విద్యార్థి అపార్ట్‌మెంట్‌కీ, జోన్ బయట, నీళ్లు రానిచోట, ముప్పై నలభై మైళ్ల లోపల ఒక ఇల్లు ముందే చూపించండి. కేటీలో, సైప్రెస్‌లో, ఉడ్‌ల్యాండ్స్‌లో అలాంటి ఇళ్లు మనవే వందల్లో ఉన్నాయి. బతుకమ్మకి ఎవరింటికి ఎవరు ప్రసాదం తేవాలో ఎక్సెల్ షీట్ వేసేవాళ్లకి ఇదేం పెద్ద పని? డాలస్ దాకా పోవాలన్న ఆలోచన సగం మంది మానుకుంటారు. ఐ-45 మీద గాల్వెస్టన్ ముసలాయనకు ఒక్క కారంత దారి మిగులుతుంది.

నడవలేనివాళ్లకు, వైద్య పరికరాలు వాడేవాళ్లకు, కారు లేనివాళ్లకు టెక్సాస్‌లో ఎస్‌టీఈఏఆర్ అనే ఉచిత రిజిస్ట్రీ ఉంది. 211కి ఫోను చేసి పేరు నమోదు చేసుకోవచ్చు. నమోదు చేస్తే తప్పక బండి వస్తుందన్న గ్యారంటీ లేదు గానీ, వాళ్లున్నారని కనీసం కౌంటీకి తెలుస్తుంది. మన అమ్మానాన్నల కోసం ఫోను మన పిల్లలు చేయాలి. భాష వాళ్లకొచ్చు. ఆ పని ఒక్కరోజు గుళ్లో కూర్చుని అందరికీ చేయొచ్చు.

చివరగా, ఇంటికి ఫోన్ల సంగతి. అక్కడి టీవీల్లో హ్యూస్టన్ ఎప్పుడూ మునిగిపోతూనే ఉంటుంది. ఆ టెన్షన్ గంటకోసారి మనకు ఫోనులో వస్తుంది, మనం కారెక్కేదాకా ఆగదు. రీటాకి నేను కారెక్కింది మా నాన్న గొంతు విని. ఆయన భయపడింది తప్పు కాదు, ఆయన చూసిన ఉప్పెన అలాంటిది. కానీ ఆయనకు మా ఇల్లు సముద్రానికి ఎంత దూరమో తెలియదు, మేం చెప్పలేదు. ఈసారి తుఫానొచ్చే ముందే మీ అమ్మానాన్నలకు మ్యాపులో చూపించండి, ఇదిగో సముద్రం, ఇదిగో మనం అని. నేను మా నాన్నకు బెరిల్ ముందు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "అయితే మీరుండండి. ఆ ఒడ్డున ఉన్నాళ్లు వెళ్లారా?" అనడిగాడు.

పిక్నిక్‌లో నాకొక టేబుల్ ఇవ్వండి, బిర్యానీ క్యూ పక్కన. అక్కడైతే అందరూ ఎలాగూ ఆగాలి. జిప్ కోడ్ చెబితే జోన్ చెప్పే మ్యాపు, 211 కాగితాలు, ఇళ్ల జాబితా రాసుకునే పుస్తకం నేను తెస్తాను. కుర్చీ కూడా నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
కేటీలో ఉంటున్న ఒక దివిసీమవాడు